నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు పాఠాలు – 4: మనిషి కంటే ముందు ప్రశ్న

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాను. బోర్డు సమావేశంలో మాట్లాడే పద్ధతిని ఈ వారం మొదలుపెట్టవలసి ఉండగా, దానిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఖాళీ అయిన నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు (రోజువారీ నిర్వహణలో పాల్గొనని బోర్డు సభ్యుడు) స్థానానికి ఎటువంటివారు కావాలో ఒక పేజీలో రాయమంటే, ఎక్కువమంది ముందుగా ఒక మనిషిని మనసులో పెట్టుకుని, ఆయన కొలతలకు తగినట్టుగా పేజీని కుట్టుకొచ్చారు. ఈ అలవాటు పోకుండా ముందుకు వెళితే మిగిలిన పాఠాలేవీ అక్కరకు రావు.

అభ్యాసం కోసం ఊహించిన కంపెనీని మరొకసారి గుర్తుచేస్తాను. అది విశాఖపట్నంలో రొయ్యలను శుద్ధిచేసి ఎగుమతి చేసే, ఒకే కుటుంబం చేతిలో ఉన్న, స్టాక్ మార్కెట్లో నమోదు కాని పబ్లిక్ కంపెనీ. టర్నోవరు 180 కోట్ల రూపాయలు, బ్యాంకు అప్పు 70 కోట్లు. చెల్లించిన మూలధనం కనీసం 10 కోట్లు ఉన్నా, టర్నోవరు కనీసం 100 కోట్లు ఉన్నా, అప్పులు 50 కోట్లు దాటినా, వీటిలో ఏ ఒక్కటి వర్తించినా ఇటువంటి కంపెనీకి కనీసం ఇద్దరు స్వతంత్ర డైరెక్టర్లు (కంపెనీతో గానీ యాజమాన్య కుటుంబంతో గానీ స్వప్రయోజన సంబంధం లేని నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లు) ఉండాలని కంపెనీల చట్టం కింద వచ్చిన 2014 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ఈ నియామకం తప్పనిసరి. తప్పనిసరి కనుక ఎవరో ఒకరితో నింపేద్దామన్న ధోరణి జవాబుల్లో కనిపించింది.

వచ్చిన పేజీల్లో మూడు రకాల మనుషులే తిరిగి తిరిగి ఎదురయ్యారు: మత్స్యశాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి, పోర్టులో పరిచయాలున్న పెద్దమనిషి, బ్యాంకు మాజీ జనరల్ మేనేజరు. వీరిలో ఎవరూ పనికిరారని నేను అనడం లేదు. ఏ లోటు తీర్చడానికి వారు కావాలో ఆ పేజీల్లో లేదు. పరిచయాలే కావాలనుకుంటే ఆ పనికి సలహాదారును పెట్టుకోవచ్చు. బోర్డులో స్థానం ఇచ్చేది వివేచనతో తీర్పు చెప్పేవారికి.

మరి లోటును ఎక్కడ వెతకాలి? మీకిచ్చిన నాలుగు బోర్డు సమావేశాల మినిట్సును (సమావేశంలో జరిగినదాని అధికారిక నమోదును) వెనుక నుంచి ముందుకు చదవండి. నేను ఎప్పుడూ చివరి సమావేశంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇవాళ్టి సమస్య తెలిసిన తరువాత దాని తొలి ఆనవాలు ఎక్కడ పడిందో పాత పేజీల్లో సులువుగా దొరుకుతుంది. నాలుగో సమావేశంలో రావలసిన బాకీలు వసూలు కావడానికి 95 రోజులు పడుతున్నట్టు ఉంది. మొదటి సమావేశంలో అది 60 రోజులే. అమ్మకాల్లో సగం అమెరికాలోని ఒకే కొనుగోలుదారుకు వెళుతోంది. ఐసు, కోల్డ్ స్టోరేజీ సదుపాయం మేనేజింగ్ డైరెక్టరు గారి బావమరిది సొంత సంస్థ నుంచి వస్తోంది, దాని ధర రెండుసార్లు పెరిగింది. ఈ మూడు విషయాల కింద “సభ్యులు గమనించారు” అన్న ఒక్క వాక్యమే ఉంది. నాలుగు సమావేశాల్లో ఎవరూ నోరు తెరిచి అడగని ఆ మూడు ప్రశ్నలే మీరు వెతుకుతున్న లోటు.

బావమరిది విషయం కొంత వివరంగా చెప్పాలి, దాన్ని పట్టుకున్నవారు కూడా తప్పు కారణంతో పట్టుకున్నారు. “సంబంధిత పక్షంతో లావాదేవీ కనుక 188వ సెక్షను ప్రకారం ఆమోదం కావాలి” అని రాశారు. కంపెనీల చట్టం బంధువులుగా లెక్కించే జాబితాలో భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అవిభక్త హిందూ కుటుంబ సభ్యులు ఉన్నారు, బావమరిది లేడు. ఆ సంస్థలో మేనేజింగ్ డైరెక్టరుకు గానీ ఆయన భార్యకు గానీ వాటా లేకపోతే ఆ సెక్షను అసలు వర్తించకపోవచ్చు. అయినా మన ఇళ్లలో బావమరిది మాటకు ఎంత బరువుంటుందో అందరికీ తెలిసిందే. చట్టం అడగకపోయినా, “ఫిషింగ్ హార్బరు దగ్గర ఇతరులు ఐసును ఏ ధరకు ఇస్తున్నారు, మనం చివరిసారి కొటేషన్లు ఎప్పుడు తీసుకున్నాం?” అని అడగగలవారే ఆ స్థానానికి కావలసినవారు. ఎగుమతి బాకీలు, విదేశీ మారకం వ్యవహారాలు స్వయంగా చూసి ఉండటం, కుటుంబంలోని పెద్దల ఎదుట ధర గురించి మర్యాద తప్పకుండా అడగగలగడం, ఈ రెండూ మీ పేజీలో ఉంటే చాలు. ఏ హోదాలో పదవీ విరమణ చేశారన్నది తరువాతి మాట.

పేర్ల గొప్పతనం బోర్డును కాపాడలేదని మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. మదుపరులు తీవ్రంగా వ్యతిరేకించడంతో గంటల వ్యవధిలోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మూడు వారాల తరువాత, జనవరి 7న, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని చైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశారు. ఆ బోర్డులో మేనేజ్‌మెంటు విద్యలో ప్రపంచ ఖ్యాతి ఉన్నవారున్నారు.

స్వతంత్రత విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. కంపెనీకి చట్టబద్ధ ఆడిటు చేసిన సంస్థలో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో భాగస్వామిగా ఉన్నవారిని 149వ సెక్షను ఒప్పుకోదు. కొందరు అటువంటివారి పేరే రాశారు. డిన్ (డైరెక్టరు గుర్తింపు సంఖ్య) తీసుకోవడం, స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో నమోదు, సమ్మతి పత్రం వంటివి కంపెనీ సెక్రటరీ చూసుకుంటారు, వాటి మీద పాఠం అక్కరలేదు.

ఇప్పుడు అభ్యర్థులుగా రాసినవారి సంగతి. విశాఖలో ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టు నుంచి పదవీ విరమణ చేసిన సమర్థులు ఎందరో ఉన్నారు, ఈ పాఠాలు చదివేవారిలోనూ ఉన్నారు. వారిలో చాలామంది పేజీ చివర దాదాపు ఒకే వాక్యం రాశారు: “నేను చేరితే ఫ్యాక్టరీని దారిలో పెడతాను.” నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ వాక్యమే. ఫ్యాక్టరీని దారిలో పెట్టడం ఉద్యోగుల పని, వారు పెట్టారో లేదో చూసి చెప్పడం మీ పని. మీరే పనిలో దిగితే ఆ పనిని తూచేవారు బోర్డులో ఉండరు.

ఉదాహరణకు, ఫ్రీజింగు ప్లాంటులో అమ్మోనియా పైపుల సంగతి చూడండి. ఫిట్టరును పిలిచి “ఈ వాల్వు తీసేసి ఫలానా కంపెనీది వేయించు” అన్నారంటే ఆ క్షణం నుంచి మీరు మెయింటెనెన్సు మేనేజరుకు పైఅధికారి అయ్యారు. రేపు ఆ వాల్వు పాడైతే ఎవరిని అడగాలో బోర్డుకు తెలియదు. అదే విషయాన్ని బోర్డులో ఇలా అడగండి: “లీకేజీ డిటెక్టర్లను చివరిసారి ఏ తేదీన పరీక్షించారు? ఆ నివేదిక మీద ఎవరి సంతకం ఉంది? లోపం కనబడితే ఎన్ని రోజుల్లో మాకు తెలుస్తుంది?” 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి ప్రాణాలు తీసిన తరువాత, ట్యాంకులో ఉష్ణోగ్రత పెరగడాన్ని, దానిని అదుపులో ఉంచే రసాయనం చాలినంత లేకపోవడాన్ని రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపింది. ఆ రెండు అంకెలను ఎవరు చూస్తున్నారని అడగడానికి కెమికల్ ఇంజనీరు కానక్కరలేదు. ఈ ఊళ్లో ఏ ఫ్యాక్టరీ బోర్డులో కూర్చున్నా ఇటువంటి ప్రశ్న మానకూడదు.

కొనుగోళ్ల విషయమూ ఇంతే. సరఫరాదారుతో మీరే బేరమాడవద్దు, కొటేషన్లు తీసుకునే పద్ధతి రాతలో ఉందా అని అడగండి. నియామకాల్లోనూ తెలిసినవారి అబ్బాయిని సిఫారసు చేయవద్దు.

ప్రమోటర్లు (కంపెనీని పెట్టి నడిపించే యజమానులు) ఈ చొరవను సంతోషంగా ప్రోత్సహిస్తారన్నది మరచిపోవద్దు. “సార్, మీరు వారానికి రెండు రోజులు ప్లాంటుకు వస్తే మాకు కొండంత ధైర్యం” అంటారు. ఒక సమావేశానికి గరిష్ఠంగా లక్ష రూపాయల సిట్టింగ్ ఫీజుతో అనుభవమున్న ప్లాంటు మేనేజరు దొరికినట్టే కదా! చట్టపరంగా కూడా ఇది మీకు నష్టం. స్వతంత్ర డైరెక్టరు బాధ్యతను ఆయనకు బోర్డు ప్రక్రియల ద్వారా తెలిసి, ఆయన సమ్మతితో జరిగిన వాటికి, లేదా ఆయన శ్రద్ధ వహించని వాటికి చట్టం పరిమితం చేస్తుంది. వారానికి రెండు రోజులు ఫ్లోరు మీద తిరిగి ఆదేశాలిచ్చిన మనిషి “నాకు తెలియదు” అంటే ఎవరు నమ్ముతారు?

ప్లాంటుకు అసలు వెళ్లవద్దని దీని అర్థం కాదు. వెళ్లండి, కానీ కంపెనీకి చెప్పి వెళ్లండి, చూడండి, వినండి, నోటు రాసుకోండి, ఎవరికీ పని పురమాయించకండి. చూసినదానిని ఎజెండాలో అంశంగా పెట్టించండి. అక్కడా తేలకపోతే మీ ఆందోళనను మినిట్సులో నమోదు చేయమని పట్టుబట్టమని చట్టంలోని నాలుగో షెడ్యూలే చెబుతోంది. ముసాయిదా మినిట్సును సమావేశం ముగిసిన 15 రోజుల్లో మీకు పంపాలి. పంపిన తేదీ నుంచి వ్యాఖ్యకు 7 రోజులే ఉంటాయి. ఆ వారం ఊళ్లో లేకపోయినా చదవండి.

స్థానం ఒప్పుకునే ముందు నేను తప్పనిసరిగా చేసే పని ఒకటుంది: ఆ బోర్డు నుంచి మధ్యలో రాజీనామా చేసినవారితో మాట్లాడటం. నమోదైన కంపెనీ అయితే స్వతంత్ర డైరెక్టరు వివరమైన కారణాలతో రాసిన రాజీనామా ఉత్తరం స్టాక్ ఎక్స్ఛేంజీ వద్ద దొరుకుతుంది. చైర్మన్‌తో గంటసేపు కాఫీ తాగినా తెలియనిది ఆ ఉత్తరంలో తెలుస్తుంది.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది, రెండు వారాలు తీసుకోండి. విశాఖ పరిసరాల్లో ఫ్యాక్టరీ ఉన్న ఏదైనా నమోదిత కంపెనీని ఎంచుకుని, వరుసగా మూడేళ్ల వార్షిక నివేదికలు తీసుకోండి. లాభనష్టాల ఖాతా కంటే ముందు నగదు ప్రవాహం చదవండి. తరువాత సంబంధిత పక్షాల నోటు, డైరెక్టర్ల హాజరు పట్టిక. ఆపైన ఒక పేజీలో ఆ బోర్డుకు ఉన్న లోటును రాయండి. మనుషుల పేర్లు, పాత హోదాలు, “అపార అనుభవం” వంటి మాటలు అందులో ఉండకూడదు. పేజీ వెనుక పన్నెండు ప్రశ్నలు రాసి, అవును, కాదు అని జవాబు చెప్పి తప్పించుకోగలిగినవాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో ఉద్యోగులు చేయవలసిన పనిని మీరు నెత్తిన వేసుకుంటున్నవి ఉంటే వాటినీ కొట్టేయండి. కొట్టేసిన ప్రశ్నలు కూడా నాకు కనబడేలా పంపండి.