యాభై దాటాక గోల్ఫ్ బంతి దూరం తగ్గిందా? కొత్త డ్రైవర్ కొనేముందు ఇలా చేయండి

హనుమకొండ నుంచి తెల్లారకముందే కారెక్కి, గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడి వచ్చేవాళ్ళం కొందరం ఉన్నాం. యాభై దాటినవాళ్ళందరిదీ ఒకటే బాధ: "ఇదివరకు 220 గజాలు పోయేది, ఇప్పుడు 190 దాటట్లేదు." వెంటనే కొత్త డ్రైవర్ (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి గోల్ఫ్ కర్ర) కొనేస్తారు. ఆ తొందర వద్దు.

మొదట కొలవండి. ఎండాకాలంలో చెరువు శిఖం ఎండాక, మనుషులు, పశువులు లేని పొద్దు చూసుకోండి. టేపు పట్టి 150 గజాల నుంచి పది గజాలకో ముగ్గు గీత వేయండి. పది బంతులు కొట్టండి. బంతి మొదట నేల తాకిన చోటే లెక్క. ఎండిన రేగడి మీద అది ఎంతో దూరం దొర్లిపోతుంది, దాన్ని కలపొద్దు. బాగా దూరం పోయినవి, మరీ దగ్గర పడినవి వదిలేసి మధ్యవాటిని చూడండి. నేను 210 అనుకున్నది ముగ్గు గీతల దగ్గర 185 అని తేలింది. డిసెంబరు పొద్దున కొట్టిన దూరాన్ని మే నెల దూరంతో పోల్చకండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, బంతిని ఆపుతుంది.

రెండోది ఒళ్ళు. వయసుతో కండ తగ్గుతుంది, అందులోనూ వేగంగా కదిలే కండ ముందు తగ్గుతుంది. నడుము పైభాగం, తుంటి బిగుసుకుంటాయి. స్వింగ్ వేగం (కర్ర తల ఊగే వేగం) గంటకు ఒక మైలు తగ్గితే సుమారు రెండున్నర గజాలు పోతాయి. పది మైళ్ళు తగ్గితే పాతిక గజాలు! కుర్చీ అంచున కూర్చుని, ఛాతీకి అడ్డంగా కర్ర పట్టుకుని, అటు పది, ఇటు పదిసార్లు మెల్లగా తిరగండి. తర్వాత డ్రైవర్‌ను తిరగేసి, దాని తల (బంతిని కొట్టే లావు భాగం) దగ్గర పట్టుకుని గాల్లో ఊపండి. "సుయ్" మనే చప్పుడు బంతి ఉండే చోటు దాటాక వినిపించాలి. ముందే వినిపిస్తే బలమంతా పైనే అయిపోతున్నట్టు. నడుంనొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే ఇవి చేయాలి.

ఇప్పుడు డ్రైవర్ సంగతి. డ్రైవర్ ఫేస్‌కు (బంతిని తాకే ముఖానికి) టాల్కం పౌడర్ అద్ది కొట్టండి, బంతి తగిలిన మచ్చ పడుతుంది. మచ్చ మధ్యలో పడకపోతే ముందు అది సరిచేసుకోండి. పాత కొయ్య డ్రైవర్ మారిస్తే తేడా బాగా తెలుస్తుంది. కానీ 2004 నుంచి నిబంధనలు డ్రైవర్ తలను 460 సీసీకి పరిమితం చేశాయి, ఫేస్ బంతిని స్ప్రింగులా విసిరే గుణానికీ హద్దు ఉంది. అందుకే ఆ తర్వాతి డ్రైవర్ మీ దగ్గరుంటే, కొత్తది ఇచ్చే లాభం ముఖ్యంగా మధ్యలో తగలని దెబ్బలకే.

నా ఉద్దేశంలో మనవాళ్ళు పెద్ద తప్పు చేసేది లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) దగ్గర. వేగం తగ్గినా తొమ్మిది డిగ్రీలదే పట్టుకుంటారు, బంతి పైకి లేవదు. 10.5 లేదా 12 డిగ్రీలది, సులువుగా వంగే సీనియర్ షాఫ్ట్‌తో (పెద్దవాళ్ళ కోసం చేసిన కాడతో), స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకుని అవే ముగ్గు గీతల దగ్గర కొట్టి చూడండి. గీత దాటితేనే కొనండి.

ఇవన్నీ అయ్యాక కూడా ప్రతి హోల్‌లో రెండో దెబ్బకు వుడ్డే (దూరం కొట్టే పొడవాటి కర్రే) తీయాల్సి వస్తుంటే, హోల్‌కు దగ్గరగా ఉండే ముందువరస టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడండి.