కళాశాల బాస్కెట్‌బాల్ పోటీలకు ప్రేక్షకులను రప్పించడం ఎలా?

అమెరికా కళాశాలల్లో బాస్కెట్‌బాల్ పోటీలు నవంబరులో మొదలై మార్చి వరకు సాగుతాయి కనుక, ప్రచారానికి పూనుకునే ముందు ఆ పట్టిక చూసి, పేరున్న ప్రత్యర్థి లేని పోటీలు ఏవో గుర్తించాలి. చిరకాల ప్రత్యర్థి వచ్చే రోజున గ్యాలరీ దానంతటదే నిండుతుంది. ఆనాడు టీషర్టులు పంచడం దండగ. బలహీనమైన తేదీల్లో రెండు మూడింటిని మాత్రమే ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్క ఆకర్షణ చొప్పున కేటాయించాలి.

ఆ ఆకర్షణ ప్రేక్షకుడికి ఏదో ఒక పని అప్పగించేదై ఉండాలి. ఇండియానాలోని టేలర్ విశ్వవిద్యాలయంలో ఏటా డిసెంబరులో, సెమిస్టరు పరీక్షలకు ముందు వచ్చే శుక్రవారం జరిగే ‘సైలెంట్ నైట్’ ఇందుకు చక్కని నమూనా. చిత్రవిచిత్ర వేషాలతో వచ్చిన విద్యార్థులు తమ జట్టు పదో పాయింటు సాధించేదాకా కిక్కురుమనకుండా ఉండి, ఆ బంతి బుట్టలో పడగానే హాలు దద్దరిల్లేలా కేకలు వేస్తారు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పైగా ఏటా అదే శుక్రవారం కావడంతో కొత్తవారికి సీనియర్లే ప్రచారం చేసిపెడతారు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల తెరదీ ఇదే పద్ధతి. ప్రత్యర్థి ఫ్రీ త్రో (ఫౌల్ జరిగినప్పుడు అడ్డు లేకుండా వేసే షాట్) వేయబోయే క్షణంలో బుట్ట వెనుక తెర తొలగి, విడ్డూరమైన వేషాలు ప్రత్యక్షమవుతాయి. 2016లో సాక్షాత్తూ ఒలింపిక్ ఈత వీరుడు మైకేల్ ఫెల్ప్స్ ఈత దుస్తుల్లో అక్కడ కనిపించాడు. తెర వెనుక ఎవరున్నారన్నది ముందుగా బయటపెట్టకూడదు. కోర్టులోకి వస్తువులు విసిరితే మాత్రం సొంత జట్టుకే టెక్నికల్ ఫౌల్ (అనుచిత ప్రవర్తనకు వేసే శిక్ష) పడవచ్చు కనుక, హద్దులను క్రీడా విభాగంతో ముందే మాట్లాడుకోవాలి.

విరామంలో సగం కోర్టు నుంచి బంతి వేసినవారికి భారీ బహుమతి ప్రకటించదలిస్తే బీమా చేయించి, షరతులను అక్షరం అక్షరం చదవాలి. 1993లో షికాగో బుల్స్ అనే వృత్తి బాస్కెట్‌బాల్ జట్టు పోటీలో ఒక ప్రేక్షకుడు పది లక్షల డాలర్ల షాట్ వేసినప్పుడు, అతను గతంలో కళాశాల జట్టుకు ఆడాడన్న కారణంతో బీమా సంస్థ చెల్లించనంది. చివరకు జట్టు, ప్రాయోజకులు ఆ భారం మోశారు. చిన్న బహుమతులైతే లాటరీని చివరి నిమిషాలకు ఉంచి, హాలులో ఉన్నవారికే ఇవ్వాలి.

ఎం.ఎస్. చదువుకు వచ్చిన మన తెలుగు విద్యార్థుల వంటివారిని నిర్వాహకులు తరచూ మరచిపోతారు. క్రికెట్‌తో పెరిగిన వీరికి నియమాలను ఒక్క పేజీలో వివరించి, భారతీయ విద్యార్థి సంఘానికి విరామంలో నృత్యానికి అవకాశమిస్తే, నృత్యం చేసేవారి వెంట స్నేహితులూ వస్తారు.

ప్రవేశద్వారం వద్ద విద్యార్థి కార్డులు స్కాన్ చేయించి, ఆకర్షణ ఉన్న రోజు వచ్చినవారిలో ఎందరు తర్వాతి మామూలు పోటీకి తిరిగి వచ్చారో లెక్క చూసుకోవాలి. ఆ సంఖ్య నామమాత్రంగా ఉంటే, మరుసటి ఏడు ఆ డబ్బును వేరే ఆలోచనకు మళ్లించాలి.