టీనేజ్ పిల్లలు క్లినిక్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోకుండా ఉండాలంటే

గోడలకి రంగులేయించడం, పోస్టర్లు అంటించడం తర్వాత చూద్దాం, ముందు మీ రిసెప్షన్ దగ్గర ఓ అరగంట కూర్చుని వినండి. పదహారేళ్ళ అమ్మాయి వచ్చి నిలబడింది, వెనక లైన్లో ఆరుగురున్నారు, కౌంటర్లోంచి "ఏంటమ్మా ప్రాబ్లెమ్? ఎవరితో వచ్చావ్?" అని గట్టిగా అడిగారు, ఆ పిల్ల "జలుబండీ" అని గొణిగి టోకెన్ తీసుకుంది, నంబర్ పిలిచేసరికి మనిషి లేదు. ఇది నేను పనిచేసిన చోట కళ్ళారా చూసిందే. అందుకని కౌంటర్లో కారణం అడగడం మానెయ్యండి, "డాక్టర్ గారినా, కౌన్సిలర్‌నా, ఎవర్ని కలవాలి" అంటే సరిపోతుంది.

క్లాసులు జరిగే టైంలోనే ఓపీ పెట్టి పిల్లలు రావట్లేదంటే ఎలా? వారానికి ఒకట్రెండు సాయంత్రాలు అపాయింట్‌మెంట్ లేకపోయినా చూడండి. ఫీజెంతో ముందే చెప్పండి. రిపోర్టు మెసేజ్ ఎవరి ఫోన్‌కి పోతుందో కూడా చూస్కోండి, దీన్ని భలే మర్చిపోతారు.

అసలు కష్టమంతా గోప్యత దగ్గరే. "నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను" అని ఊరికే మాటిచ్చెయ్యకండి, ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి ఉన్నా, ఎవరైనా హింసిస్తున్నా చెప్పక తప్పదు కదా, ఆ సంగతి మాటలు మొదలుపెట్టకముందే చెప్పాలి. ఏ వయసు నుంచి సొంతంగా వైద్యానికి ఒప్పుకోవచ్చన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గర రూలేంటో డాక్టర్ నుంచి వాచ్‌మన్ దాకా అందరూ ఒకే మాట చెప్పాలి. అమ్మో నాన్నో తోడొస్తే "ఈ వయసు వాళ్ళందరితో కాసేపు విడిగా మాట్లాడతామండీ, ఇక్కడ పద్ధతే అంత" అనండి, ఎవరికీ అనుమానం రాదు.

ప్రశ్నలకి 'హెడ్స్' అని ఓ వరస ఉంది, ఇల్లు, చదువు, సరదాలు, మత్తు అలవాట్లు, సెక్స్, ఆత్మహత్య ఆలోచనలు, ఇలా తేలికైన వాటితో మొదలెట్టి బరువైన వాటికి వెళ్తారు. ఎదురుగా కూర్చోగానే చివరి ప్రశ్న అడిగితే ఎవరైనా బిగుసుకుపోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో 10–19 ఏళ్ళ వాళ్ళ వైద్య సేవలకి 8 ప్రమాణాలు పెట్టింది, అందులో ఒకటి పిల్లల్నే ఇందులో భాగం చెయ్యడం. మేం ఇద్దర్ని పేషెంట్లలా వచ్చి చూసి చెప్పమన్నాం. అందులో ఒకబ్బాయి అన్న మొదటి మాట, కన్సల్టేషన్ రూం తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు, లోపలి మాటలు బెంచీ దాకా వినిపిస్తున్నాయని. మూడేళ్ళుగా అదే గదిలో కూర్చుంటున్నాం, మాకెవరికీ తట్టలేదు.