నేపాల్ కేంద్రంలో పావుగంట తేడా, హాజరు పట్టీ

విజయవాడ నుంచి ఖాట్మండూకు చదువు చెప్పడానికి వెళ్తే మొదటి వారం తిప్పలు పెట్టేది భాష కాదు, గడియారం. అక్కడి టైం మనకంటే 15 నిమిషాలు ముందు. మన సిమ్‌కు రోమింగ్ లేకపోతే ఫోన్ పాత టైమే చూపిస్తుంది, 6 గంటల క్లాసు మొదలైపోతుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ ఆపి, టైం జోన్ ఖాట్మండూ పెట్టాక సరిపోయింది.

అసలు చిక్కు హాజరు పట్టీ. తేదీలు నేపాల్ వాళ్ల క్యాలెండరైన విక్రమ సంవత్‌లో ఉంటాయి. ఇంగ్లీషు ఏడాదికి ఏప్రిల్ మధ్య నుంచి 57, జనవరి నుంచి అప్పటిదాకా 56 కలపాలి. 2024 జూన్ అంటే 2081. వైశాఖం అని ఉంది కదా అని మన పంచాంగం తీయకండి. మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం. నెలకు 32 రోజులు కూడా వస్తాయి. పట్టీ పై అంచున రెండు తేదీలూ పెన్సిల్‌తో వేసుకున్నాక కొట్టివేతలు తగ్గాయి.