కరెంటు పోతే టీమక్స్ సెషన్ కూడా పోతుందా?

మే నెలలో ఒక మధ్యాహ్నం గుంటూరులో కరెంటు పోయింది. కాసేపటికి మా బాబాయి కొడుకు బ్రాడీపేట నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, మూడు గంటల నుంచి నడుస్తున్న డేటాబేస్ ఇంపోర్ట్ కనబడటం లేదు. టీమక్స్‌లోనే పెట్టాను కదా, ఎలా పోయింది?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. టీమక్స్ అంటే, కనెక్షన్ తెగినా టెర్మినల్‌లో నడుస్తున్న పనిని ఆగనివ్వని ప్రోగ్రాం. అది అలా పట్టుకుని ఉంచే పనినే సెషన్ అంటారు. "నేను చెప్పేదాకా ఏమీ కొట్టకురా" అన్నాను. కంగారులో కిల్ సర్వర్ కమాండ్ కొడితే, బతికున్న సెషన్లు కూడా పోతాయి. ఆ రోజు ఫోన్లో చెప్పినవీ, తర్వాత వాడు అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లను కూడా ఫోన్లో చెప్పినట్టే, పలికే తీరులో రాశాను.

సమస్య: మళ్లీ లాగిన్ అయ్యాక పని కనబడటం లేదు

టీమక్స్‌లో రెండు భాగాలున్నాయి. వెనకాల సర్వర్ ఒకటి నడుస్తూ మన పనులన్నీ పట్టుకుని ఉంటుంది. మనకు తెర మీద కనిపించేది క్లయింట్. నెట్ తెగితే పోయేది క్లయింటే. అందుకే ముందు "టీమక్స్ ఎల్ఎస్" కొట్టి చూడాలి. సెషన్ పేరు కనిపిస్తే "టీమక్స్ అటాచ్" చాలు, పని ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

"నో సర్వర్ రన్నింగ్" అని వస్తే, మొదట మీరు ఏ మెషీన్‌లో, ఏ యూజర్‌గా ఉన్నారో చూడండి. టీమక్స్ సాకెట్, అంటే క్లయింట్ సర్వర్‌ను అందుకునే ఫైలు, మామూలుగా టీఎంపీ ఫోల్డర్‌లో ఒక్కో యూజర్‌కు విడిగా ఉంటుంది. రూట్‌గా మొదలుపెట్టిన సెషన్ మామూలు యూజర్‌కు కనబడదు. తర్వాత "అప్‌టైమ్" కొట్టండి, మెషీన్ ఎప్పటి నుంచి నడుస్తోందో చెబుతుంది. మెషీన్ రీబూట్ అయి ఉంటే సెషన్ పోయినట్టే, దాన్ని టీమక్స్ కాపాడలేదు. రీబూట్ కాకపోయినా లాగౌట్ అయిన ప్రతిసారీ పోతుంటే, లైనక్స్‌లో లాగిన్లు, సర్వీసులు చూసుకునే సిస్టమ్‌డీని అనుమానించాలి. లాగిన్‌డీ డాట్ కాన్ఫ్‌లో "కిల్ యూజర్ ప్రాసెసెస్" యెస్ అని ఉంటే నో చేయించండి. ఇక ప్రాసెస్ లిస్టులో టీమక్స్ ఉండి కూడా అటాచ్ కాకపోతే సాకెట్ ఫైలును ఏదో చెరిపేసిందన్న మాట. ఆ ప్రాసెస్‌కు యూఎస్ఆర్‌వన్ సిగ్నల్ పంపితే సాకెట్ మళ్లీ తయారవుతుంది.

మా వాడి విషయంలో ఇవేవీ కాదు. వాడు టీమక్స్‌ను ఇంట్లో డెస్క్‌టాప్‌లో తెరిచి, దాని లోపలి నుంచి ఇంపోర్ట్ నడిచే దూరపు మెషీన్‌కు ఎస్ఎస్‌హెచ్ చేశాడు, అంటే నెట్ ద్వారా అందులోకి లాగిన్ అయ్యాడు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు. కరెంటుతో పాటు టీమక్స్, దాంతో ఎస్ఎస్‌హెచ్, దాంతో ఇంపోర్ట్ ఆగిపోయాయి. ముందు ఎస్ఎస్‌హెచ్, ఆ తర్వాత ఆ దూరపు మెషీన్ మీద టీమక్స్: వరుస ఇదే. మన ఊళ్లో ఎండాకాలం ఇంట్లోంచి పని చేసేవాళ్లు ఈ ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలా పని నిలుస్తుంది. ఆ రోజు ఇంపోర్ట్ మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

సమస్య: తెర బిగుసుకుపోయింది

తెర కుడివైపు పైన లైన్ల అంకెలు కనిపిస్తే, పాత లైన్లు వెనక్కి చూసే కాపీ మోడ్‌లో ఉన్నారు. మౌస్ ఆన్‌లో ఉన్నప్పుడు చక్రం తిప్పినా అందులోకి వెళ్తుంది. క్యూ నొక్కితే బయటికొస్తారు. అంకెలు లేకపోతే కంట్రోల్ ఎస్ తగిలి ఉంటుంది, కంట్రోల్ క్యూ నొక్కండి.

సమస్య: విండో చిన్నదై చుట్టూ చుక్కలు

ఇంకో చిన్న తెర నుంచి అదే సెషన్‌కు అటాచ్ అయి ఉన్నారు. "టీమక్స్ అటాచ్ హైఫన్ డి" కొడితే మిగతావాళ్లు డిటాచ్ అవుతారు.

సమస్య: కాన్ఫిగ్ మార్చినా ఏమీ మారలేదు

హోమ్ ఫోల్డర్‌లోని డాట్ టీమక్స్ డాట్ కాన్ఫ్ ఫైలును సర్వర్ మొదలైనప్పుడే చదువుతుంది. కొత్త విండో తెరిచినా మళ్లీ చదవదు. ప్రిఫిక్స్, అంటే కంట్రోల్ బి నొక్కి, కోలన్ కొట్టి, సోర్స్ హైఫన్ ఫైల్ అని రాసి ఆ ఫైలు పేరు ఇవ్వండి. ఒక్క మినహాయింపు ఉంది. వెనక్కి చూడటానికి ఎన్ని లైన్లు దాచాలో చెప్పే హిస్టరీ లిమిట్ మామూలుగా 2000 లైన్లు. దాన్ని పెంచితే కొత్త పేన్‌లకే (విండోలోని ఒక్కో భాగం పేన్) వర్తిస్తుంది. పాత పేన్‌లో లాగ్ పైకి వెళ్లడం లేదని చాలామంది కాన్ఫిగ్‌ను తప్పుపడతారు.

విమ్ ఎడిటర్‌లో ఎస్కేప్ నొక్కాక అర సెకను ఆలస్యమవుతుంటే ఎస్కేప్ టైమ్ 10 పెట్టండి. పాత వెర్షన్లలో అది 500 మిల్లీసెకన్లు. 3.5 వెర్షన్ నుంచి 10కే మార్చారు.

సమస్య: మళ్లీ అటాచ్ అయ్యాక గిట్ పుల్ "పర్మిషన్ డినైడ్" అంటోంది

ఏజెంట్ ఫార్వర్డింగ్, అంటే మన మెషీన్‌లోని ఎస్ఎస్‌హెచ్ కీని దూరపు మెషీన్‌లో వాడుకునే పద్ధతి, వాడేవాళ్లకు ఇది వస్తుంది. పాత పేన్‌లోని షెల్ నిన్నటి ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ సాకెట్‌నే పట్టుకుని ఉంటుంది, ఆ సాకెట్ ఇప్పుడు లేదు. కొత్త విండో తెరిచి అందులో పుల్ చేయండి. అటాచ్ అయినప్పుడు టీమక్స్ తెచ్చుకున్న కొత్త విలువ కొత్త విండోకు అందుతుంది.

సమస్య: తెలుగు అక్షరాల చోట అండర్‌స్కోర్లు

లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగ్, యూటీఎఫ్ 8లో లేదు. "లొకేల్" కొట్టి చూసి సరిచేయండి. వెంటనే పని కావాలంటే "టీమక్స్ హైఫన్ యూ అటాచ్" అని వెళ్లండి. అక్షరాలు వచ్చాక కూడా ఒత్తులు, గుణింతాల దగ్గర పేన్ గీతలు పక్కకు జరగొచ్చు. ఒక అక్షరం వెడల్పును టెర్మినల్ ఒకలా, టీమక్స్ ఇంకోలా లెక్కపెడితే అలా అవుతుంది. ముందు టెర్మినల్ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే, తెలుగు ఉన్న ఫైళ్లను టీమక్స్ బయట తెరిచి చదువుకోండి, నేనూ అలాగే చేస్తున్నాను.