పేగు ఆపరేషన్‌కి సంతకం పెట్టే ముందు

పీరియడ్స్‌లో మోషన్‌కి వెళ్తే కత్తితో కోస్తున్నట్టుండేది నాకు. కొలనోస్కోపీలో ఏమీ లేదన్నారు. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరగడం, అది పేగు బయటినుంచి లోపలికి దిగుతుంది కాబట్టి లోపలి పొరను చూసే కెమెరాకి తరచూ అందదు. చివరికి ఎంఆర్ఐలో దొరికింది: రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) ముందుగోడ మీద 2 సెంటీమీటర్ల గడ్డ.

మీ రిపోర్టులో గడ్డ ఎంతుంది, గోడలోకి ఎంత లోతు దిగింది, మలద్వారానికి ఎంత దూరం, ఒకటేనా ఇంకా ఉన్నాయా అన్నది అడిగి రాసుకోండి. ఆపరేషన్ ఏ రకమో చాలావరకు వీటిమీదే తేలుతుంది. పైపైన ఉంటే పేగుకి చిల్లు పడకుండా చెక్కేస్తారు, దీన్ని షేవింగ్ అంటారు. లోతుగా దిగినా చిన్నదైతే, మామూలుగా 3 సెంటీమీటర్ల లోపు, గోడలో బిళ్లంత ముక్క తీసి స్టేప్లర్‌తో మూస్తారు. నాకు చేసింది అదే. పెద్దదైనా, పేగు ఇరుకైనా ఆ భాగమంతా కోసి రెండు కొసలూ కలుపుతారు. ల్యాపరోస్కోపీ కదా, చిన్నదే అనుకున్నాను నేను. పొట్టమీద గాట్లే చిన్నవి!

కన్సెంట్ ఫారం దగ్గర తొందరపడకండి. "లోపల చూశాక ప్లాన్ మారితే ఎంతవరకు వెళ్తారు? పేగు సర్జన్ థియేటర్‌లో ఉంటారా?" అని అడగండి. మీరు వద్దన్నది కూడా ఫారంలో రాయించండి. అతుకు ఎంత కిందికి ఉంటే తాత్కాలిక స్టోమా (మలం సంచిలోకి పోయేలా పేగును పొట్టమీదికి తెచ్చి పెట్టే దారి) అవసరం అంత పెరుగుతుంది. దాని చోటు ముందే గుర్తు పెడతారు. రోజూ వేసుకునే బట్టల్లోనే వెళ్లి, కూర్చుని, నిలబడి, వంగి చూపించండి, ఆ గుర్తు నడుముపట్టీ కిందికి రాకూడదు. నాకు స్టోమా పడలేదు గానీ ఆ పెన్ను చుక్క మాత్రం వారం దాకా పోలేదు.

తర్వాత భుజం నొప్పి వస్తే కంగారు వద్దు, ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాస్ పని అది. నడిస్తే తగ్గుతుంది. మూత్రం రాకపోతే మాత్రం వెంటనే నర్సుకి చెప్పండి, అక్కడి నరాలు దెబ్బతిని ఉండొచ్చు. నేను మొహమాటపడి నాలుగు గంటలు ఓర్చుకున్నాను, వట్టి తెలివితక్కువతనం. ఇంటికొచ్చాక జ్వరం, పెరిగే కడుపునొప్పి, గుండెదడ, యోనిలోంచి గ్యాస్ గానీ మలం గానీ రావడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, అతుకు లీకై ఉండొచ్చు. మోషన్‌కి పదేపదే పరుగెత్తడం వేరే సంగతి. నాకు మొదటి నెలంతా రోజుకి ఆరుసార్లు, మూడో నెలకి రెండు.