సక్కొటాష్ వండే పద్ధతి

అమెరికా ఈశాన్య తీరంలో, నేటి రోడ్ ఐలండ్ ప్రాంతపు నారగాన్సెట్లు తదితర ఆదివాసులు మొక్కజొన్న కాడల మీదికే చిక్కుడు తీగెలను పాకించి, ఆ రెండు పంటలనూ ఒకే కుండలో ఉడికించుకునేవారు. ఆ వంటకమే సక్కొటాష్.

నలుగురికి నాలుగు లేత మొక్కజొన్న పొత్తులు, రెండు కప్పుల లైమా చిక్కుడు గింజలు, ఒక ఉల్లిపాయ, రెండు పెద్ద చెంచాల వెన్న, అర కప్పు మీగడ కావాలి. ఎండు గింజలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో పూర్తిగా మెత్తబడేదాకా మూత పెట్టకుండా ఉడికించాలి. ఉడకని లైమా గింజల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది కనుక ఇక్కడ తొందర ఏమాత్రం పనికిరాదు.

అసలు రుచి కండెలో ఉంది. పొత్తును పళ్లెంలో నిలువుగా ఉంచి గింజలను కోసిన తరువాత, కత్తి మొద్దు అంచుతో కండెను పైనుంచి కిందికి గట్టిగా గీకితే, తెల్లని పాలతో పాటు గింజల మొదళ్లలో మిగిలిన గుజ్జు కూడా దిగుతుంది. చిక్కదనాన్నీ తీపినీ ఇచ్చేది అదే కాబట్టి దానిని పారేయడం అన్యాయం.

వెన్నలో ఉల్లిముక్కలను రంగు మారకుండా మగ్గించి, ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న గింజలు, గీకిన పాలు వేసి, సన్నని మంట మీద ఐదారు నిమిషాలు ఉంచాలి. మీగడ, ఉప్పు, మిరియాల పొడి చివరన చేర్చాలి. దక్షిణ రాష్ట్రాలవారు టమాటా, బెండకాయ కూడా వేస్తారు. మన ప్రాంతంలో లైమా గింజలు దొరకనప్పుడు, చలికాలంలో వచ్చే పచ్చి అనపగింజలను బాగా ఉడికించి వాడుకోవచ్చు.